పోస్టులో ఉన్న మనిషి

(విద్వాన్ విశ్వం స్మృతిలో అనంతపురంలో చేసిన ఉపన్యాసం)

వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి ఈ మెట్ల మీద కూర్చోండి. నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

సామాజిక మాధ్యమాల్లో మర్యాద గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు, విశ్వం గారికీ ఫేస్‌బుక్, వాట్సాప్‌లకూ ఏమిటి సంబంధమని నిర్వాహకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి విషయంలోకి వస్తాను.

విద్వాన్ విశ్వం గారు 1915లో మన తరిమెలలో పుట్టారు. సంస్కృతం చదువుకున్న పండితుడు. అదే ఊరివాడైన తరిమెల నాగిరెడ్డి గారితో కలిసి నవ్య సాహిత్యమాల పేరుతో పుస్తకాలు అచ్చువేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, యుద్ధం జనం బతుకును ఎలా దెబ్బతీస్తుందో నాగిరెడ్డి గారు రాసిన పుస్తకాన్ని బయటికి తెచ్చినందుకు రాసినవారూ వేసినవారూ ఇద్దరూ జైలుకు వెళ్ళారు. ఆ తర్వాత విశ్వం గారి జీవితమంతా పత్రికల్లోనే గడిచింది. ఆంధ్రప్రభ వారపత్రికను దీర్ఘకాలం నడిపారు. ‘మాణిక్యవీణ’ శీర్షిక కోసమే పత్రిక తెరిచిన పాఠకులుండేవారు. 1987లో కన్నుమూశారు.

ఇక ‘పెన్నేటి పాట’. అది 1956లో పుస్తకంగా వచ్చింది. రాయలసీమ కరువు గురించి అంతకుముందూ రాశారు, తర్వాతా రాశారు. విశ్వం గారు మాత్రం రంగడు, గంగమ్మ అని ఇద్దరు మనుషుల్ని మన ముందు నిలబెట్టారు. వాళ్ళకు ఆకలి ఉంది. ఆకలితోపాటు ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉంది, బాగా బతికిన గతం ఉంది, పరువు ఉంది. ఆ కావ్యం చదివినవాడికి వాళ్ళ మీద జాలి కలగవచ్చు, చులకన మాత్రం కలగదు. ఇంకొకరి కష్టాన్ని పదిమంది ముందు ఎలా పెట్టాలో నేర్చుకోవడానికి మన జిల్లాలో ఇంతకన్నా మంచి పాఠం నాకు కనబడలేదు. ఇవాళ జేబులో ఫోనున్న ప్రతి మనిషీ రోజూ ఆ పనే చేస్తున్నాడు.

మర్యాద గురించి మనకు అందుతున్న సలహాలు చాలావరకు పోస్టు పెట్టేవాడి మేలు కోరేవే. ఉద్యోగమిచ్చేవాళ్ళు చూస్తారు జాగ్రత్త, కోపంలో ఉన్నప్పుడు రాయకు, ఊరెళ్తున్నట్టు చెబితే దొంగలు పడతారు. ఇవన్నీ మంచి మాటలే, పాటించండి. నా వాదన వేరే చోట మొదలవుతుంది. పోస్టు పెట్టేవాడు అక్కడ ఉన్నాడు, తనను తాను సమర్థించుకోగలడు. చదివేవాడూ ఉన్నాడు, నచ్చకపోతే దాటిపోగలడు. పోస్టులో ఉన్న మనిషి మాత్రం చాలాసార్లు ఆ గుంపులో లేడు. తన ఫొటో ఎక్కడ తిరుగుతోందో ఆయనకు తెలియదు. మర్యాద మొదట చెల్లాల్సింది ఆయనకు.

1

మొదట పేరు సంగతి చూద్దాం.

పప్పూరు రామాచార్యులు గారు 1926లో ఈ ఊళ్ళో శ్రీ సాధన పత్రిక పెట్టారు. చిన్న ఊరు, చిన్న పత్రిక. అయినా అందులో వచ్చిన ప్రతి మాటకూ ఫలానా మనిషి జవాబుదారీ అని ఊరందరికీ తెలుసు. 1867 నాటి చట్టం ప్రకారం అప్పట్లో పత్రిక మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, సంపాదకుడి పేరు ఉండి తీరాల్సి వచ్చేది. తెల్లవాడు ఆ చట్టం తెచ్చింది పత్రికల మీద కన్ను వేయడానికే. అయినా పాఠకుడికి అందులో ఒక మేలు జరిగింది. తప్పు రాస్తే ఎవరి గుమ్మంలోకి వెళ్ళి అడగాలో తెలిసింది. ఊళ్ళో చాటింపు వేసినా అంతే. రెడ్డి గారు చెప్పమన్నారనో, తహసీల్దారు ఉత్తరువనో ముందు చెప్పి, ఆ తర్వాతే విషయం చెప్పేవారు.

ఫార్వర్డుకు గుమ్మం లేదు. ‘నాకు వచ్చింది, పంపాను’ అనే మాటతో బాధ్యత మాయమవుతోంది. దాని ఫలితం 2018 వేసవిలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, అవయవాలు కోసి అమ్ముకుంటారని రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో సందేశాలు తిరిగాయి. వాటితోపాటు ఎక్కడివో, ఎప్పటివో తెలియని శవాల ఫొటోలు వచ్చాయి. జనం కర్రలు పట్టుకుని రాత్రులు కాపలా కాశారు. దెబ్బలు తిన్నదెవరు? అడుక్కుతినేవాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు, మన భాష రానివాళ్ళు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో సంచార జాతికి చెందిన అయిదుగురిని పట్టపగలు చంపారు. అంత ఘోరం జరిగాక వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది.

మనకు పొరుగునే, తుంగభద్రకు ఆవల ఉన్న జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు చేసిన పని మీరు గుర్తుపెట్టుకోదగ్గది. ఒక్కో ఊరికి ఒక పోలీసును కేటాయించి ఇల్లిల్లూ తిప్పారు. డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఇది అబద్ధమని చెప్పించారు. ఊరి వాట్సాప్ గుంపుల్లో పోలీసుల్ని చేర్చి, వచ్చిన పుకారుకు అక్కడే జవాబిప్పించారు. దాదాపు 400 ఊళ్ళలో ఆ పుకారు ఒక్క ప్రాణమూ తీయలేదు. పేరున్న ఒక మనిషి ఎదురొచ్చి నిలబడి చెప్పినందువల్ల ఆ మాటకు బరువు వచ్చిందని నా నమ్మకం. అందుకే మీకు నా మొదటి విన్నపం: మీ పేరు కింద మీరే రాసి పెట్టలేని మాటను, ఇంకొకరు రాశారు కదా అని పంపకండి.

2

ఇప్పుడు మన జిల్లా సంగతి. ఇక్కడ కాసేపు ఆగాలి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మనది. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే చెనక్కాయ వేస్తాం, ఊడలు దిగే వేళకు ఆకాశం మొండికేస్తుంది. ఈ కథ దేశమంతటికీ తెలుసు. ఎలా తెలుసు? ఫొటోల ద్వారా తెలుసు. నెర్రెలిచ్చిన చెరువు, ఎండిన చేనులో గట్టు మీద కూర్చున్న ముసలాయన, చెయ్యి అడ్డం పెట్టుకుని మబ్బుకేసి చూసే రైతు. ఎన్నో ఏళ్ళుగా బయటివాళ్ళు కెమెరాలతో వచ్చి మనల్ని ఇలా తీసుకెళ్ళారు. కొందరు మంచి మనసుతోనే వచ్చారు, వాళ్ళవల్ల సాయమూ వచ్చింది. కానీ అలా ఫొటోకెక్కడం ఎలా ఉంటుందో మనకు తెలిసినంతగా ఈ రాష్ట్రంలో ఇంకెవరికీ తెలియదు. తెలిసి కూడా ఇప్పుడు మన పక్కింటివాళ్ళకు మనమే అది చేస్తున్నాం.

ఒక రైతు ప్రాణం తీసుకున్న ఇంటికి వెళ్ళండి. అధికారులు వస్తారు, నాయకులు వస్తారు, విలేకరులు వస్తారు, ఇప్పుడు ఊరి కుర్రాళ్ళు కూడా ఫోన్లతో వస్తారు. ఆయన భార్య చేతికి ఆయన ఫొటో ఇచ్చి, పిల్లల్ని ఇటొకరిని అటొకరిని నిలబెట్టి, ‘అమ్మా, ఇటు చూడు’ అంటారు. ఆ తల్లి చూస్తుంది. కాదనే ఓపిక ఆ రోజు ఆమెకు ఉండదు. ‘అడిగే తీశాం’ అని తర్వాత మనం చెప్పుకుంటాం. పత్రికా డెస్కులో చాలా ఏళ్ళు ఆ ఫొటోలను ఎంపిక చేసే పని చేసినవాణ్ణి. మా పేజీలో అది ఒకరోజు ఉండేది, మర్నాడు పొట్లం కట్టే కాగితమయ్యేది. ఫోనులో పెట్టిన ఫొటోకు మర్నాడు లేదు. ఆ పిల్ల ఇంటర్‌లో చేరినప్పుడూ ఉంటుంది, పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు పేరు కొట్టి వెతికినప్పుడూ ఉంటుంది.

ఇంకొక నష్టం ఉంది. మీలో రెవెన్యూ శాఖవాళ్ళుంటే వెంటనే గ్రహిస్తారు. 2004లో వచ్చిన జీవో 421 నాటి నుంచి రైతు ఆత్మహత్యల్లో పరిహారం ఇవ్వాలంటే అధికారుల కమిటీ విచారించి, చావుకు సాగు అప్పులే కారణమని తేల్చాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరి గుంపులో ఎవరో ‘ఇంట్లో గొడవలంట’ అని ఒక మాట విసురుతారు. రాసినవాడికి అది కాలక్షేపం. అది విచారణకు వచ్చినవాళ్ళ చెవిన పడితే, కౌలు కాగితం కూడా లేని ఆ కుటుంబం ఏ ఆధారంతో దాన్ని తిప్పికొట్టగలదు?

ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్ని అనుసరించి ప్రెస్ కౌన్సిల్ 2019లో నియమాలు చెప్పింది. ఎలా చనిపోయాడో వర్ణించకూడదు, ఫొటోలు వాడకూడదు, పదేపదే చూపకూడదు. అదే కష్టంలో ఉన్న ఇంకొకరు దాన్ని చూసి అదే దారి పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆ నియమాలు. పత్రికలే వాటిని సరిగ్గా పాటించడం లేదు, ఒప్పుకుంటాను. కానీ పురుగుమందు డబ్బాను దగ్గరగా ఫొటో తీసి గుంపులో పెట్టే పని మీరు మానేయడానికి ప్రెస్ కౌన్సిల్ అనుమతి అక్కర్లేదు. దాని బదులు 14416 అనే నంబరు పెట్టండి. అది టెలిమానస్, 2022 నుంచి పనిచేస్తున్న ఉచిత మానసిక సాయం లైను. తెలుగులో మాట్లాడతారు.

మరి కరువు గురించి రాయకూడదా అని మీరు అడగాలి. రాయాలి, ఇప్పటికన్నా ఎక్కువ రాయాలి. ఎన్ని బోర్లు వేశాడు, ఎన్ని అడుగులు పోయాడు, ఏ వడ్డీకి తెచ్చాడు, పంటల బీమా ఎందుకు రాలేదు, కౌలుదారుకు బ్యాంకు ఎందుకు అప్పివ్వలేదు అని రాయండి. ఎండిన బోరును, చేతికి రాని పంటను ఫొటో తీయండి. ఏడుస్తున్న ముఖం చూసి జనం అయ్యో అని వేలు కదిపి ముందుకెళ్తారు. అప్పు లెక్క చూస్తే ఆగి అడుగుతారు.

3

చావు కబురు చెప్పడానికి మన పెద్దలకు ఒక పద్ధతి ఉండేది. పరాయి ఊళ్ళో ఉన్న కొడుకు దగ్గరికి మనిషిని పంపేవారు. ఆ మనిషి వెళ్ళగానే అసలు మాట చెప్పేవాడు కాదు. నాయనకు ఒంట్లో బాగాలేదు, నిన్ను చూడాలంటున్నాడు, బయల్దేరు అనేవాడు. దారి పొడుగునా కొంచెం కొంచెంగా మనసును సిద్ధం చేసి, ఊరి పొలిమేర దగ్గర నిజం చెప్పేవాడు. వినేవాడి ప్రాణాన్ని కాపాడే నేర్పు అది.

ఇప్పుడు మన పల్లెలవాళ్ళు చాలామంది బెంగళూరులో ఉంటారు. కదిరి వైపువాళ్ళు కేరళ దాకా పోతారు. గుత్తి నుంచి పెనుకొండ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి మన పాత ఉమ్మడి జిల్లాను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. ఆ రోడ్డు మీద ప్రమాదం జరిగితే, పోలీసులు పేర్లు తెలుసుకునేలోపే బండి నంబరుతో సహా రక్తపు ఫొటోలు గుంపుల్లోకి వస్తున్నాయి. తల్లి ఆ బండిని గుర్తుపడుతుంది. ఇంతకన్నా క్రూరమైన కబురు ఇంకేముంటుంది?

చాలామంది భయంతో దగ్గరికి పోకుండా దూరం నుంచి వీడియో తీస్తారని నాకు తెలుసు. కేసుల్లో ఇరుక్కుంటామనే భయం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో గాయపడ్డవారికి సాయం చేసినవారిని కేసుల్లోకి లాగకూడదని, వారు తమ వివరాలు చెప్పి తీరాలని బలవంతపెట్టకూడదని అదీ, దాని కింద వచ్చిన నియమాలూ చెబుతున్నాయి. 108కి ఫోన్ చేయండి, దగ్గరికెళ్ళండి. ‘ఓం శాంతి’ అని స్టేటస్ పెట్టే ముందు ఆ ఇంటివాళ్ళకు కబురు చేరిందో లేదో కనుక్కోండి. చేరాక కూడా మొదటి పోస్టు ఆ ఇంటివాళ్ళది కానివ్వండి.

4

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపినప్పుడు దేశం మొత్తం కదిలింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే న్యాయం కావాలన్న ఆ కోపమే ఆమె పేరునూ ఫొటోనూ లక్షల ఫోన్లలోకి మోసుకెళ్ళింది. సైబరాబాద్ పోలీసులు కల్పించుకుని ఆమెను ‘దిశ’ అని పిలవండని కోరాల్సి వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

ఈ విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. పాత శిక్షాస్మృతిలో 228ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెడితే రెండేళ్ళ దాకా జైలు. బాధితురాలు చనిపోయినా ఆ రక్షణ పోదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా గట్టిది: బడి పేరు, వీధి పేరు, ఇంటివాళ్ళ పేర్లు కూడా రాయకూడదు. పల్లెలో ఇది మరీ ముఖ్యం. ‘ఫలానా ఊరి తొమ్మిదో తరగతి అమ్మాయి’ అని రాస్తే పేరు దాచినట్టు కాదు, ఆ ఊళ్ళో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిలు ముగ్గురే ఉండొచ్చు.

ఇదే జాగ్రత్త ప్రేమించుకున్న జంటల ఫొటోలకూ చెల్లుతుంది. వేరే కులాల పిల్లలు ఒక బండి మీద కనబడ్డారని ఎవరో తమాషాగా పెట్టిన ఫొటో ఎక్కడికి దారి తీస్తుందో ఈ సభలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

5

ఇక వృత్తిలో ఉన్నవారి సంగతి.

జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో వైద్యుల ప్రవర్తనా నియమాలు ప్రకటించి, అందులో సామాజిక మాధ్యమాలకు ప్రత్యేకంగా చోటిచ్చింది. రోగి చికిత్స గురించి బహిరంగంగా చర్చించవద్దు, రోగుల ఫొటోలు, స్కాన్లు పెట్టవద్దు, డబ్బిచ్చి లైకులు కొనవద్దు అంది. నెల తిరక్కుండానే, వేరే అంశాల మీద వచ్చిన అభ్యంతరాలతో మొత్తం నియమావళిని పక్కన పెట్టేశారు. నాకు అది బాధాకరమైన విషయం. నియమావళి ఆగింది గానీ రోగికి ఇవ్వాల్సిన మర్యాద ఆగదు కదా. కాన్పు చేసిన చేతులతోనే పసిబిడ్డ ఫొటో తీసి ఆసుపత్రి పేజీలో పెట్టే వైద్యులకు ఈ మాట చేరాలి.

ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. ప్రభుత్వ విధానాల్ని బహిరంగంగా విమర్శించకూడదని అది ఉద్యోగిని కట్టడి చేస్తుంది. ప్రభుత్వాన్ని ఉద్యోగి మాట నుంచి కాపాడే నియమం అది. ఉద్యోగి చేతిలోని కెమెరా నుంచి పేదవాణ్ణి కాపాడే నియమం అందులో ఎక్కడుంది? 1964లో ఆ అవసరం లేదు. ఇప్పుడు ఉంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక ప్రభుత్వం ఇంటి గుమ్మం దాకా వచ్చింది, చాలా మంచి విషయం. దానితోపాటు పింఛను అందుకుంటున్న అవ్వ ఫొటో, ఆమె ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ ఆఫీసు గుంపుల్లో తిరగడం మొదలైంది. పనిచేసినట్టు పైవాళ్ళకు రుజువు చూపాలి, చిన్న ఉద్యోగి ఏం చేస్తాడు? తప్పు ఆయనది కాదు, రుజువును ఆ రూపంలో అడిగేవాళ్ళది. మంచం మీదున్న మనిషికి పింఛను ఇస్తూ ఫొటో కోసం లేపి కూర్చోబెట్టడం సంక్షేమం అనిపించుకోదు. రసీదు చాలు, వేలిముద్ర చాలు.

వ్యక్తిగత డేటా పరిరక్షణకు 2023లో చట్టం వచ్చింది. పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పదని అది అంటుంది. కానీ ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు చేసే పనులు దాని పరిధిలోకి రావు. కాబట్టి మేనమామ గుంపులో పెట్టిన పిల్లాడి స్నానం ఫొటో విషయంలో ఆ చట్టం మీకు తోడు రాదు, మర్యాద ఒక్కటే దిక్కు.

ఉపాధ్యాయులకు ఒక్క మాట. మార్కుల జాబితా తల్లిదండ్రుల గుంపులో పెట్టవద్దు. మొదటి మార్కు వచ్చినవాడికి సంతోషమే, చివరివాడి తండ్రి కూడా అదే గుంపులో ఉన్నాడు.

6

ఇంతసేపూ మాట్లాడకండి, పెట్టకండి అన్నట్టు వినిపించి ఉంటే దాన్ని సరిచేయాలి. పుస్తకం అచ్చువేసినందుకు జైలుకెళ్ళిన మనిషి పేరు మీద జరిగే సభలో నోరు మూసుకోమని నేను చెప్పలేను.

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. శ్రేయా సింఘాల్ కేసు అది. 2012లో ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన అమ్మాయినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు, ఆ కేసుకు దారి తీసిన సంఘటనల్లో అదొకటి. కొట్టేశాక కూడా పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే ఆశ్చర్యపోయింది. మన రాష్ట్రంలో ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఎదుటి పక్షంవాళ్ళ పోస్టుల మీద కేసులు పడటం చూస్తూనే ఉన్నాం. మర్యాద పేరు చెప్పి అధికారం తనను తాను కాపాడుకోవడం నాకు సమ్మతం కాదు.

గీత ఎక్కడ గీయాలో 1994లోనే ఒక తీర్పు చూపించింది. తమిళనాడులో హత్య కేసుల్లో ఖైదీగా ఉన్న ఆటో శంకర్ ఆత్మకథ అచ్చువేయడం గురించి వచ్చిన రాజగోపాల్ కేసు అది. తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ జీవన్ రెడ్డి గారు. ప్రతి మనిషికీ తన ఇల్లు, పెళ్ళి, కుటుంబం, పిల్లలు తనవిగా ఉంచుకునే హక్కు ఉందని, అధికారి తన ఉద్యోగ ధర్మంలో చేసిన పనికి మాత్రం ఆ ముసుగు వర్తించదని ఆ తీర్పు సారాంశం. ఇంత తేలికైన కొలబద్ద మన చేతిలో ఉంది. ట్యాంకరు నీళ్ళు రాలేదని సర్పంచిని పేరు పెట్టి అడగండి, తేదీతో, ఫొటోతో అడగండి. ఆయన కూతురి పెళ్ళి ఫొటోలు లాగకండి. కలెక్టరు సంతకం పెట్టిన ఉత్తరువును నిలదీయండి, ఆమె కట్టుకున్న చీర జోలికి పోకండి. మన దగ్గర జరుగుతున్నది తలకిందులు. అధికారం ఉన్నవాడి పని గురించి గుసగుసలు, అధికారం లేనివాడి ఇంటి గురించి బహిరంగ ప్రకటనలు.

రాజకీయ పార్టీల తరఫున పేరు దాచుకుని ఆడవాళ్ళ మీద రాతలు రాస్తున్న పిల్లలకు, మీలో ఎవరైనా ఉంటే, నేరుగా చెబుతున్నాను. మీ చేత అవి రాయించేవాళ్ళు మీ కేసుకు జామీను ఇవ్వడానికి రారు. ఆ మాట పక్కన పెట్టినా, మీరు రాసిన ఆ ఆడమనిషి ఏ రాత్రి అది చదివిందో, పక్కన ఎవరున్నారో ఒకసారి ఊహించుకోండి.

7

2021 వేసవిలో రెండో విడత కోవిడ్ వచ్చినప్పుడు ఇవే ఫోన్లు ప్రాణాలు నిలబెట్టాయి. పడక ఎక్కడ ఖాళీగా ఉంది, ఆక్సిజన్ సిలిండరు ఎవరి దగ్గరుంది అని రాత్రంతా మేలుకుని చెప్పినవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. సాయం కోసం పోస్టులు పెట్టేవాళ్ళ మీద చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు ఆ ఏప్రిల్ 30న గట్టిగా చెప్పింది. అదే ఏడాది నవంబరులో చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలంలో పదిమంది వరద మధ్య చిక్కుకుంటే వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడింది. కరువు సీమలో వరద వీడియో కాబట్టి అది ఊరూరా తిరిగింది. ఇలాంటి వీడియో మీద తేదీ లేకపోతే ఆ తర్వాత ఎప్పుడు వాన పడినా ‘ఇప్పుడే’ అంటూ మళ్ళీ బయల్దేరుతుంది. కక్కలపల్లి మార్కెట్లో టమోటాలు పారబోసిన వీడియోకూ అదే గతి. ఏ ఏడాదిదో తెలియదు, చూసిన రైతు మాత్రం ఇవాళ్టి ధర అనుకుని కాయ కోయడం మానేస్తాడు. తేదీ, ఊరు, పెట్టినవారి పేరు రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది.

తప్పు పెట్టామని తెలిస్తే పత్రిక సవరణ వేస్తుంది. లోపలి పేజీలో చిన్నగా వేస్తుందని మీరు ఫిర్యాదు చేస్తారు, ఆ ఫిర్యాదు సబబే. అదే కొలత మనకూ ఉండాలి. ఏ గుంపులో పెట్టామో అక్కడే, మన పేరుతోనే, అది తప్పని రాయాలి. ఊరికే చెరిపేస్తే చూసినవాళ్ళకు సంగతి తెలియదు. అడ్మిన్‌గా ఉన్నవారికి కూడా ఇందులో పాత్ర ఉంది. సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో అన్నాయి. చట్టం మిమ్మల్ని వదిలేసింది, సంతోషం. శవం ఫొటో వచ్చినప్పుడు తీసేసే అధికారం మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉంది, వాడండి.

ఇందాక ఒక విద్యార్థిని చీటీ పంపింది. ‘మా ఊళ్ళో పిల్లాడికి ఆపరేషన్ చేయాలంటే ఫొటో పెట్టకపోతే ఎవరూ నమ్మరు, డబ్బు రాదు. మీరు వద్దంటే ఆ పిల్లాడి సంగతేంటి?’ అని అడిగింది. నా ఉపన్యాసం అంతటికీ గట్టి ప్రశ్న ఇదే.

అమ్మా, జనం ఫొటో అడిగేది నమ్మకం కోసం. ఆ నమ్మకాన్ని పిల్లాడి ముఖం ఇవ్వక్కర్లేదు, నువ్వు ఇవ్వొచ్చు. నీ పేరు, మీ పంతులు గారి పేరు, ఇద్దరి ఫోను నంబర్లు పెట్టండి. కావాలంటే మీ ఇద్దరి ఫొటోలు పెట్టండి. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా కాగితం పెట్టండి, దాని మీద పిల్లాడి పేరు, కేసు నంబరు కప్పేయండి. ఆసుపత్రి ఒప్పుకుంటే డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే పంపమనండి. పిల్లాడి అమ్మకు ఏం రాస్తున్నారో చదివి వినిపించండి, ఏ గుంపుల్లో పెడుతున్నారో, మీ ఊరివాళ్ళు ఎవరెవరు అందులో ఉన్నారో చెప్పండి. ఏదైనా వాక్యం ఆమె వద్దంటే తీసేయండి. ముఖం లేకపోతే డబ్బు కొంచెం నెమ్మదిగా రావచ్చు, అప్పుడు ఇంకో పదిమందికి మీరే ఫోన్లు చేయాలి. ఆపరేషన్ అయ్యాక ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో, మిగిలింది ఎవరికిచ్చారో అదే గుంపులో రాసి, వారం తర్వాత ఆ పోస్టులన్నీ తీసేయండి.